షఫుల్ బటన్‌కు మన పండుగలు తెల్వయ్

పోస్టు పొడుగున్నది. తీరికున్నప్పుడు చదవండి, కానీ చదవండి.

కొన్ని రోజుల సంది మనోళ్ళలో ఒకటే లొల్లి నడుస్తున్నది. పోస్టర్లకు, బ్యానర్లకు యాప్ తనంతట తాను ఇచ్చే రంగులు వాడొచ్చా, వద్దా అని. ఒక అన్న "రాండమ్ రంగులు అంటే డిజైన్ రానోళ్ళ పని" అని తీసిపారేసిండు. ఒక అక్క దానికి జవాబుగ "రంగులకు పార్టీ, కులం అంటగట్టేది మనుషులు, మిషిన్‌కు అవేవీ లేవు, అందుకే మిషిన్ ఇచ్చిన రంగే న్యాయమైన రంగు" అన్నది. అన్న మాట మేము ఒప్పుకోం. అక్క మాట వినడానికి మస్తుగున్నది గాని, దాంట్లో ఒక చిక్కున్నది. దాని గురించే ఈ పోస్టు.

మేమంటే ఎవరో చెప్పాలె కదా. కురవిలో హాస్టల్‌లో ఉండి, మానుకోటకు కాలేజీకి పోయొచ్చే అయిదుగురం. ముగ్గురం లంబాడీ, ఇద్దరం కోయ. మా ఇండ్లల్లో డిగ్రీ మెట్టెక్కింది మేమే మొదలు. తండాల, గూడేల పోస్టర్లు, పెండ్లి కార్డులు, బర్త్‌డే స్టేటస్‌లు, హాస్టల్ నోటీసులు ఫోన్‌లోనే చేస్తం. కొన్నిటికి రెండు మూడు వందలు వస్తయ్, చానా వాటికి "థ్యాంక్స్ తమ్మి" వస్తది. ఫైన్ ఆర్ట్స్ చదవాలంటే హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ ఉన్నదని ఇంటర్ అయినంక గాని మాకు తెల్వలే. రంగుల చక్రం, పూరక రంగులు అనే మాటలు మాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలే. కాబట్టి బటన్ నొక్కితే అయిదు రంగులు వరుసగా వచ్చి నిలబడే యాప్‌ను "రానోళ్ళ పని" అంటే మాకు కొంచెం గుచ్చుకుంటది. నేర్పేటోళ్ళు లేని కాడ ఆ బటనే మాకు సారు.

అది ఎట్ల పని చేస్తదో ముందు చెప్పుకుందాం. ఫోన్ తెర మీద ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటి కలయిక. ఒక్కోదానికి 0 నుంచి 255 దాకా 256 మెట్లు. మూడూ గుణిస్తే 1,67,77,216 రంగులు. కోటీ అరవై ఏడు లక్షల పైన! ఇన్నిట్లోంచి కండ్లు మూసుకొని అయిదు తీస్తే ఎట్లుంటదో ఎవరైనా ఒక చిన్న ప్రోగ్రాం రాసి చూసుకోవచ్చు. ఎక్కువ సార్లు బురద నీళ్ళలో పూలు వేసినట్టు ఉంటది. అందుకే మంచి టూల్స్ నిజంగ గుడ్డిగ తీయవు. రంగుల చక్రం మీద ఒక చోట నుంచి లెక్క ప్రకారం దూరం జరిగి ఇంకో రంగు పట్టుకుంటయ్, వెలుగు, గాఢత ఒక హద్దులో ఉంచుతయ్. 2009లో మార్టిన్ అంకెర్ల్ అనే ప్రోగ్రామర్ ఒక ఉపాయం రాసిండు: ప్రతి కొత్త రంగుకు చక్రం మీద 0.618 వంతు జరుగు, అప్పుడు రంగులు ఒకదాని మీద ఒకటి పడకుండ దూరదూరంగ వస్తయ్ అని. అది గోల్డెన్ రేషియో లెక్క. అంటే మనం "రాండమ్" అనుకునే దాంట్లో కూడ ఎవరో ఒక మనిషి ముందే కూసొని ఏది బాగుంటదో కొంత తేల్చిపెట్టిండు. మిషిన్‌కు ఇష్టాయిష్టాలు లేవు అన్న అక్క ఈ ముక్క ఒకసారి చూడాలె.

ఈ బటన్ మాకు చేసిన మేలు ఏందో కూడ చెప్పాలె. మన దిక్కు ఫ్లెక్సీలు చూడండి. పసుపు నుంచి ఎరుపుకు జారే బ్యాక్‌గ్రౌండ్, దాని మీద నీలం అక్షరం, అక్షరం చుట్టూ తెల్ల గీత, గీత చుట్టూ నల్ల నీడ, వెనక నుంచి సూర్యుని కిరణాలు. పుట్టినరోజుకు అదే, లీడర్ స్వాగతానికి అదే. యాప్‌లో బటన్ నొక్కుకుంట కూసుంటే మునగాకు పచ్చ పక్కన ముదురు మెరూన్ ఇంత బాగుంటదా అని కన్ను తెరుచుకుంటది. చేతికి అలవాటైన రంగును చెయ్యి వదలదు, బలవంతంగ వదిలించేటోడు ఒకడు కావాలె. ఆ పని వరకు బటన్ మంచిదే.

ఇగ చిక్కు ఎక్కడంటే, రంగు మిషిన్‌లోంచి రాండమ్‌గ రావచ్చు గాని, చూసేటోళ్ళు రాండమ్‌గ చూడరు.

మన రాష్ట్రంలో ఒక లేత గులాబీ, తెలుపు కలిపి పోస్టర్ పెట్టి చూడండి. ఫ్రెషర్స్ డే అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా "ఏందిరా, మీ హాస్టల్ కారెక్కిందా?" అని అడుగుతరు. కాషాయం పెడితే ఒక మాట, మూడు రంగులు పెడితే ఒక మాట, ఎరుపు మీద తెలుపు పెడితే ఒక మాట, ముదురు నీలం పెడితే ఇంకో మాట. పసుపు కూడ ఖాళీ లేదు. చక్రం మీద మిగిలిందేందో వెతుక్కోవాలె. ఇది నవ్వులాటకు చెప్తలేం. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఆఫీసులకు వేసిన రంగుల మీద కేసు 2020లో హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా పోయింది. అధికార పార్టీ రంగులు తీసెయ్యమని హైకోర్టు చెప్తే, ప్రభుత్వం మట్టి రంగు ఒకటి కలిపి జీవో 623 తెచ్చింది, ఒక్కో రంగుకు ఒక్కో అర్థం చెప్పింది. హైకోర్టు దాన్ని కూడ కొట్టేసింది, జూన్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. ఏ రంగు ఎవరిదో జడ్జీలు కూసొని విన్న దేశం మనది. ఈడ రంగుకు పార్టీ లేదంటే ఎట్ల?

పార్టీల ముచ్చట పక్కన పెడదాం. మన సొంత పండుగలకు రండి. ఫిబ్రవరి 15న సేవాలాల్ మహారాజ్ జయంతి. తండాలో సేవాలాల్‌కు తెల్ల జెండా, మేరామా యాడికి ఎర్ర జెండా. ఇది చిన్న పిల్లగానికి కూడ తెల్సు. గోర్ బోలిలో ధోళో, రాతో అని ఆ రెండు రంగులను బడికి పోకముందే నేర్చుకుంటం. తీజ్ వస్తే తొమ్మిది రోజులు నీడకు బుట్టల్లో పెంచిన గోధుమ నారు రంగు ఉంటది, పసుపూ కాదు పచ్చా కాదు, ఎండ తాకని మొలక రంగు. ఆ రంగుకు తెలుగులో సరైన పేరు మాకు దొరకలే. మేడారం పోస్టర్ అంటే పసుపు, కుంకుమ. సమ్మక్క తల్లి చిలుకలగుట్ట నుంచి గద్దెకు వచ్చేది కుంకుమ భరిణె రూపంలోనే గద. బంగారం అని మొక్కేది బెల్లాన్ని. ఆ బెల్లం రంగు కూడ పోస్టర్‌లోకి రావాలె. షఫుల్ బటన్‌కు ఇవేం తెల్వయ్. అది మేడారం జాతర పోస్టర్‌కు ఐస్‌క్రీం బండి మీద ఉండే లేత నీలం, లేత ఊదా ఇచ్చి, "ఎట్లుంది?" అన్నట్టు చూస్తది. శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి నారింజ, చిలకపచ్చ ఇస్తది. దానిదేం తప్పు లేదు. దానికి చావూ తెల్వదు, జాతరా తెల్వదు.

అట్లయితే రాండమ్ వద్దు, మనకోసం తయారుగ ఉన్న టెంప్లేట్లు వాడుకుందాం అంటరు కొందరు. ఈడ మాకు కోపం వస్తది. డిజైన్ యాప్‌లో "ట్రైబల్" అని కొట్టండి. ఏం వస్తదో మేము చెప్తం: మట్టి రంగు, ఆవ రంగు, ఇటుక రంగు, నలుపు. జిగ్‌జాగ్ గీతలు, ఈకలు, ఒక మాస్కు. అది ఏ దేశం ట్రైబల్, ఏ తెగ? ఎవరికీ తెల్వదు. అడవి అంటే ఎండుటాకు, ఆదివాసీ అంటే మట్టి, అంతే వాళ్ళ ఊహ. మనోళ్ళు కూడ "మన రంగులు దొరికినయ్" అని అవే పెట్టుకుంటున్నరు.

ఒక్కసారి యాడి పెట్టె తెరిచి చూడండి. ఫేటియా, కాంచళి, టుక్రి బయటికి తీయండి. ఎరుపు పక్కన నీలం, నీలం పక్కన పసుపు, మధ్యలో పచ్చ దారం, చుట్టూ తెల్ల గవ్వలు, మీద అద్దాలు. ఎక్కడున్నది మట్టి రంగు? అద్దం అయితే రంగే కాదు, ఎదురుంగ ఉన్న దాన్ని పట్టుకుంటది, ఎండలో ఒకటి, దీపం కాడ ఇంకోటి. ఏ యాప్‌లోనూ అద్దానికి కోడ్ నంబర్ లేదు. "ట్రైబల్" అని పేరు పెట్టి అమ్మే ఆ నాలుగు రంగుల కంటే, ఏం తెల్వకుండ ఇచ్చే రాండమ్ రంగులే నయం అని మా గట్టి అభిప్రాయం. రాండమ్ కనీసం "ఇది నువ్వే" అని అబద్ధం చెప్పదు.

ఇంకో మాట. మన బట్టల్లోని రంగులు వేల ఏండ్ల సంది మారకుండ వచ్చినయ్ అని ఎవరన్నా రాస్తే నమ్మకండి. ఒకప్పుడు మంజిష్ఠ వేరు ఎరుపు, నీలిమందు నీలం. ఇప్పుడు బజారులో దొరికే రంగు గుడ్డలు, సిల్కు దారాలు. గాజులు ప్లాస్టిక్‌వి అయినయ్. యాడీలు బజారుకు పోయి, దొరికిన దాంట్లోంచి ఏరుకొని, వాళ్ళ లెక్కలో కుట్టిండ్రు. దొరికింది మారింది, ఏరే కన్ను మారలే. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు జీఐ గుర్తింపు ఉన్నది. 2023 జులైలో హంపిలో జీ20 సమావేశాలప్పుడు 450 మందికి పైగా లంబాణీ మహిళలు కుట్టిన 1,755 వస్తువులు ఒక్క చోట పెడితే గిన్నిస్ రికార్డు అయింది. వాళ్ళలో ఎవరూ రంగుల చక్రం చదువుకొని సూది పట్టినోళ్ళు కాదు.

బొంత సంగతి చూడండి. టైలర్ కాడ తెచ్చిన పేలికలు, పాత చీరలు, చినిగిన లుంగీలు. ఏ రంగు వస్తదో చేతిలో లేదు, పూర్తిగ రాండమ్. కానీ కుట్టే ముందు నేల మీద పరుస్తరు. ఒక ముక్క అటు, ఒక ముక్క ఇటు. ఒక ముక్క తీసి పక్కన పడేస్తరు. ఎందుకు తీసినవ్ అంటే "ఈడ కుదరలే" అంటరు, అంతకు మించి చెప్పరు. ఆ పక్కకు పడేసుడే డిజైన్. బటన్ నొక్కి వచ్చిన మొదటి దాన్నే స్టేటస్ పెట్టేటోళ్ళు ఈ పని ఒక్కటి చేస్తలేరు.

మన దిక్కు మగోళ్ళకు కూడ రంగు తెల్వదనుకోవద్దు. మిర్చి కల్లం కాడ చూడండి. పచ్చి ఉన్న కాయ ఎరుపు ఒకటి, ఎండిన కాయ ఎరుపు ఒకటి, వాన తాకిన కాయ ఎరుపు ఇంకోటి. తాలు కాయను నడుసుకుంటనే ఏరి పారేస్తరు. ఎనుమాములకో ఖమ్మానికో తీసుకపోతే ఆ ఎరుపు మీదనే క్వింటాల్ రేటు ఉంటది. ఒక్క మెట్టు వెలిసిన రంగు అంటే ఇంట్లో ఫీజు డబ్బులు తగ్గినట్టు. ఎరుపులో అన్ని మెట్లు చూసే కండ్లు ఉన్న ఇండ్లల్లో పుట్టి, మనకు కలర్ సెన్స్ లేదు అని మనమే అనుకుంటున్నం.

ఇప్పుడు ఇంకో దేశం ముచ్చట, ఇది మాకు బాగ పనికొచ్చింది. జర్మనీలో కొలోన్ అనే ఊర్లో 1248లో మొదలుపెట్టిన పెద్ద చర్చి ఉన్నది. రెండో ప్రపంచ యుద్ధంలో దాని దక్షిణం దిక్కు పెద్ద కిటికీ అద్దాలు పోయినయ్. గెర్హార్డ్ రిష్టర్ అనే పెయింటర్ 2007లో దానికి కొత్త అద్దాలు పెట్టిండు. పదకొండు వేలకు పైగా చిన్న చదరపు గాజు ముక్కలు, 72 రంగులు. ఏ ముక్క ఎక్కడ అనేది ఎక్కువ శాతం కంప్యూటర్ రాండమ్‌గ తేల్చింది. అచ్చం మన బటన్ లెక్కనే. కానీ ఆ 72 రంగులు ఎక్కడివి? ఆ చర్చిలో మిగిలిన పాత కిటికీల రంగులతో కలిసేటట్టు ఆయన ఏరుకున్నయి. పాచిక వేసింది మిషిన్, పాచిక మీద ఏముండాల్నో తేల్చింది మనిషి. అందుకే ఎండ పడితే ఆ కొత్త కిటికీ పాత కిటికీల పక్కన పరాయిదానిలెక్క నిలబడదు.

మేము చెప్పేది ఇదే. కూలర్స్ లాంటి యాప్‌లో అయిదు రంగులు వచ్చినంక ఒక్కోదాని మీద తాళం గుర్తు ఉంటది. నొక్కితే ఆ రంగు కదలదు, మిగిలినవే మారుతయ్. చానా మంది ఆ తాళాన్ని ముట్టుకోరు. ముందు మన రంగు ఒకటో రెండో పెట్టి తాళం వెయ్యండి. సేవాలాల్ జయంతికి తెలుపు, ఎరుపు తాళం. మేడారానికి పసుపు, కుంకుమ తాళం. ఆ తర్వాత ఎంత సేపైనా నొక్కండి, మిగిలిన మూడు మిషిన్ తెచ్చి పెట్టనీయండి. అట్ల మాకు ఒకసారి కుంకుమ ఎరుపు పక్కన నీటి అడుగున నాచు లాంటి ముదురు రంగు వచ్చింది, మా బుర్రకు జన్మలో తట్టేది కాదు. పోస్టర్ చూసినోళ్ళు రంగుల గురించి ఒక్క మాట అనలే, జాతర తేదీలు అడిగిండ్రు. పోస్టర్ పని చేసింది అంటే అదే.

చదవడానికి రాకపోతే ఇవన్నీ దండగ. దీని మీద కొంచెం గట్టిగనే చెప్తం. స్కాలర్‌షిప్ రెన్యువల్ చివరి తేదీ పోస్టర్ పసుపు మీద తెల్ల అక్షరాలతో చేస్తే ఏమైతది? వెబ్‌లో అక్షరాలు అందరికీ కనపడాలని పెట్టుకున్న అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉన్నది. మామూలు సైజు అక్షరానికి, వెనక రంగుకు వెలుగు తేడా కనీసం 4.5కి 1 ఉండాలె, పెద్ద అక్షరానికి 3కి 1. నిఖార్సైన పసుపు మీద తెలుపు పెడితే అది 1.07 మాత్రమే. అదే పసుపు మీద నలుపు పెడితే 19 దాటుతది. నిఖార్సైన ఎరుపు మీద తెలుపు 4 దగ్గర ఆగుతది, అంటే పెద్ద అక్షరాలకు సరే, చిన్న వాటికి తక్కువ. ఎరుపు మీద నీలం 2 దగ్గరనే ఉంటది, కండ్లు గుంజుతయ్. లెక్క కట్టే టూల్స్ ఉచితంగనే ఉన్నయ్.

తెలుగుకు ఇంకా ఎక్కువ తేడా కావాలె. ఇంగ్లీషు అక్షరం నిలువు గీతలతో నిలబడ్తది. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు, అన్నీ సన్నటి వంపులే. రంగు వెలిసిన కాడ ముందు పోయేది ఒత్తు. ఒత్తు పోతే అమ్మ కూడ అమ అయితది. అదీ అయిదు వేల రూపాయల పాత ఫోన్‌లో, గీతలు పడ్డ గ్లాసు మీద, మధ్యాహ్నం ఎండలో చేను గట్టు మీద నిలబడి చూసే బాపుకు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనోళ్ళు కూడ ఉంటరు, ఎక్కువగ మగోళ్ళలో. బటన్ ఇచ్చిన అందమైన అయిదు రంగుల్లో అక్షరానికి పనికొచ్చే జత ఒక్కటి కూడ లేకపోవచ్చు. అప్పుడు నలుపో తెలుపో ఆరో రంగుగ తెచ్చుకోవాలె, మొహమాటం వద్దు. మాకు తెలిసిన ఒక చిన్న చిట్కా: పోస్టర్‌ను బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. అక్షరం మాయమైతే రంగుల్లో కూడ సగం మందికి మాయమైనట్టే.

ఫ్లెక్సీ కొట్టిచ్చేటప్పుడు ఇంకోటి. తెర వెలుగుతోని చూపిస్తది, మిషిన్ నాలుగు సిరాలతోని కొడ్తది: సియాన్, మెజెంటా, పసుపు, నలుపు. తెర మీద మెరిసే చిలకపచ్చ, కరెంటు నీలం గుడ్డ మీదికి రావు, మసకబారుతయ్. షాపాయనతోని కొట్లాడితే లాభం లేదు. ముందే అర చెయ్యంత ముక్క టెస్ట్ ప్రింట్ అడగండి. ఇస్తరు, ఒకటికి రెండుసార్లు అడగాలె అంతే.

ఇగ అసలు పని. తాళం వెయ్యడానికి మన రంగులు ఒక్క చోట ఉండాలె గద, అవి ఏ యాప్‌లోనూ లేవు. కాబట్టి మేము అయిదుగురం ఒక ఫైల్ మొదలుపెట్టినం. ఇప్పటిదాకా మూడు ఫేటియాలు, ఒక పాత కాంచళి, రెండు బొంతలు, ఒక కోయ ఇంటి పండుగ సామాను ఫొటోల నుంచి రంగులు తీసి పెట్టినం. మీ ఇంట్లో ఉన్నయి పంపండి. ఫొటో పొద్దున తొమ్మిదింటికి అటు ఇటుగ, నీడ పట్టున, ఫ్లాష్ లేకుండ తీయండి. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి, అది ఉంటే ఫోన్ మార్చిన రంగును మేము సరిచేసుకోవచ్చు. ఫిల్టర్ వద్దే వద్దు. ఏ తండా, ఏ గూడెం, ఎప్పుడు కడతరు, ఇంట్లో ఆ రంగును ఏమని పిలుస్తరు, అది మాత్రం తప్పకుండ రాయండి. గోర్ బోలిలో గాని, కోయ భాషలో గాని ఉన్న పేరు, తెలుగు పేరు కాదు. కుట్టినోళ్ళను అడిగి, వాళ్ళు సరే అంటేనే పంపండి. వద్దంటే వద్దు. దేవుని సామాను, జెండాల ఫొటోలు పెద్ద మనుషులు ఒప్పుకుంటే తప్ప తీయకండి.

ఆ తీజ్ నారు రంగుకు ఎవరి ఇంట్లోనన్నా పేరుంటే ముందు అదే చెప్పండి.